మధ్యయుగపు ఇంగ్లండులో సెర్ఫుల జీవనము

రాజుల చరిత్ర తెలిసికొనుటకు శాసనములు కలవు, కావ్యములు కలవు. నాగలి పట్టినవాని చరిత్ర తెలిసికొనుటకేమి కలదు? ఐరోపాఖండమున మధ్యయుగములనాటి సెర్ఫుల విషయమున నీ ప్రశ్నకు విచిత్రమైన సమాధానము లభించుచున్నది. వారు చదువెరుగనివారు, తమ కష్టసుఖములను తాము వ్రాసికొన్నవారు కారు. వారిని గూర్చి నేడు దెలిసిన దానిలో హెచ్చుభాగము వారి ప్రభువుల లెక్కలవలన దెలిసినదే. ఇంగ్లండు దేశమునందు ఏ రైతు ఎన్నినాళ్లు వెట్టి చేసెనో, ఎన్ని కోళ్లు, ఎన్ని గ్రుడ్లు అర్పించెనో, ఏ తప్పునకెంత జుల్మానా నిచ్చుకొనెనో తోలుకాగితములపై లాటిను భాషలో వ్రాసి, చుట్టలు చుట్టి దాచిరి. అట్టి కవిలెలు వేలకొలదిగా నిప్పటికిని నిలిచియున్నవి.

సెర్ఫు బానిస కాడు; స్వతంత్రుడును కాడు. అతనికి ఇల్లు, ఎడ్లు, సాగుభూమి కలవు. కాని ప్రభువు సెలవు లేక ఊరు విడువరాదు. భూమి చేతులు మారినపుడు దానితోపాటు అతడును అతని సంతానమును మారుదురు. 1086లో విజేత విలియము దేశమంతయు లెక్క వ్రాయించినపుడు (దానికి డూమ్స్‌డే గ్రంథమని పేరు) అచ్చపు బానిసలు సుమారు 28,000 మంది లెక్కకెక్కిరి. తరువాతి నూరేండ్లలో ఆ బానిసత్వము మాసిపోయెను. అంతమాత్రమున పేదలకు మేలు కలిగెనని తలపరాదు. 12వ శతాబ్ది చివర, భూవివాదములలో రాజ న్యాయస్థానముల రక్షణ స్వతంత్రులకే కాని సెర్ఫులకు లేదని తేలుటతో, నడిమి స్థితిలోనున్న రైతులు పెక్కుమంది క్రిందికి జారిరి. ఇంగ్లండున వీరిని విల్లెయినులనిరి. చలనచిత్రములలో వినబడు 'విలన్' శబ్దమిదియే. దాని మూలార్థము పల్లెవాడని మాత్రమే. దుర్మార్గుడను అర్థమును తరువాత కల్పించినవారు పల్లెవారు కారు.

ప్రభువు ఏలుబడిలోని భూమిని మేనరనిరి. అందు పూర్తి పాలు గల సెర్ఫునకు సుమారు 30 ఎకరములుండెను. అదియు నొకచోట గాక, ఊరి పెద్దపొలములలో సన్నని చెక్కలుగా చెదరియుండెను. దానికి బదులుగా వారమునకు రెండు మూడు దినములు ప్రభువు సొంతభూమిలో దున్నవలెను, ఎరువు తోలవలెను, కంచె కట్టవలెను. కోతకాలమున తన పైరు పండి రాలుచుండగా ముందు ప్రభువు పైరు కోయవలెను. ఆ దినములలో కొన్నింట రొట్టెయు బీరును పెట్టుట ఆచారము. బీరు పోయు కోత 'తడి', పోయని కోత 'పొడి' యని వేరుగా లెక్కించిరి.

కూతురునకు పెండ్లి చేయుటకు ప్రభువునకు రుసుము చెల్లింపవలెను. ఇంటి పెద్ద మరణించినచో కొట్టములోని మేలైన పశువును ప్రభువు తోలుకొనిపోవును. దాని తరువాతి పశువు తరచుగా చర్చి గురువునకు పోవును. ఒక్క చావుతో రెండు పశువులు పోయిన పిమ్మట, తండ్రి దున్నిన భూమినే తన పేర వ్రాయించుకొనుటకు కొడుకు వేరొక రుసుము తేవలసియుండెను.

ఈ లెక్కలు సాగిన విధము గమనింపదగినది. సెర్ఫులలోనుండియే యొకనిని రీవు అను పెత్తనమున నిలిపిరి. వెట్టివారిని పనికి పెట్టుట, ధాన్యము కొలిపించుట, అమ్మకము చూచుట అతని విధి. సాధారణముగా అతనికి వ్రాత రాదు. గాట్లు పెట్టిన కర్రపుల్లలును జ్ఞాపకశక్తియు నతని ఆధారములు. సెప్టెంబరు 29వ తేదీని వచ్చు మైకేల్ పండుగతో ఏడాది ముగియగా, ప్రభువు పంపిన తనిఖీదారుల యెదుట నిలిచి, పండిన గింజ, చచ్చిన గొర్రె, ఈనిన ఆవు సర్వము నోటితో ఒప్పచెప్పవలెను; వ్రాయసగాడు వ్రాయును. చుట్టకు ముందువైపు రొక్కము, వెనుకవైపు ధాన్యము, పశువులు. తగ్గినది రీవే కట్టుకొనవలెను. ఆ పదవి వలదని రుసుము చెల్లించి తప్పించుకొన్నవారును కలరు.

గింజలను ప్రభువు మరలోనే విసరించి అందొక పాలు చెల్లింపవలెననునది మరియొక కట్టడి. సెంట్ ఆల్బన్స్ మఠాధిపతి వాలింగ్‌ఫర్డ్ రిచర్డు (1327-1336) కమ్మరి కొడుకు. ఖగోళ గణితమున దిట్ట. గ్రహచారమును చూపు గొప్ప గడియారమును నిర్మింపబూనినవాడు. అట్టివాడు మఠమునకు లోబడిన జనుల తిరుగళ్లను లాగుకొని, ఆ రాళ్లను మఠములోని యొక గది నేలకు పరపించెను. కష్టజీవి యింట బుట్టినవానికే యా రాళ్ల విలువ తెలియకపోవుట చిత్రము.

1348-49లో మహామారి వచ్చి జనులలో మూడవవంతుకు తక్కువ గాకుండ నశించిరి. కూలివాండ్రు కరవై కూలి పెరిగెను. ప్రభువులు 1351 నాటి చట్టముతో దానిని పాతకూలికే కట్టివేయజూచిరి. దానిపై మనిషికొక షిల్లింగు తలపన్ను వచ్చిపడగా 1381 జూను నెలలో ఎసెక్సు, కెంటు పల్లెలు తిరుగబడెను. పెక్కుచోట్ల జనులు కవిలెచుట్టలను వెదకి తెచ్చి నలుగురు చూచుచుండగా తగులబెట్టిరి. సెంట్ ఆల్బన్సులో తిరుగలిరాళ్లను పెల్లగించి, పగులగొట్టి, ఆ ముక్కలను ప్రసాదమువలె పంచుకొనిరి. పదునాలుగేండ్ల రెండవ రిచర్డు రాజు దాస్యవిమోచన పత్రములిచ్చెను. నాయకుడగు వాట్ టైలరు హతుడైన పిమ్మట, జూలై 2న వానిని రద్దుచేసెను.

అయినను వెట్టి మునుపటివలె నిలువలేదు. దున్నువారు తక్కువ, భూమి యెక్కువ. 15వ శతాబ్దిలో వెట్టికి బదులు రొక్కపు శిస్తు వాడుకకు వచ్చెను. అప్పుడు రైతు, ప్రభువు కవిలెలో తన భూమిని గూర్చి వ్రాసిన పంక్తులకు నకలు అడిగి తీసికొని ఇంట భద్రపరచుకొనసాగెను. తాతలు కాల్చిన కవిలెయే మనుమలకు పట్టా యయ్యెను. ఇంగ్లీషువారు దీనికి నకలుహక్కు అని అర్థము వచ్చు పేరు పెట్టిరి. 1574లో ఎలిజబెత్తు రాణి తన భూములలోని సెర్ఫులను రుసుము గైకొని విడిపింప నుత్తరువిచ్చునాటికి వారు కొలదిమందియే మిగిలిరి. నకలుహక్కు మాత్రము 1926 జనవరి 1వ తేదీన చట్టముచే పూర్తి హక్కుగా మార్చబడువరకు చెల్లుచుండెను.