ఇరువది గ్రాముల పథ్యము

ఇంగ్లండు రాజగు మూడవ జార్జికి మనుమడైన ఆగస్టస్ డెస్టే 1822వ సంవత్సరము డిసెంబరులో స్కాట్లండు కొండసీమకు ఆప్తబంధువు నొకనిని చూడబోయి, ఆతడు అప్పటికే గతించియుండుటచే అంత్యక్రియలలో పాల్గొని, ఆ పిమ్మట చూపు మందగించి, తనకు వచ్చిన ఉత్తరములను ఇతరులచే చదివించుకొనవలసినవాడయ్యెను. చూపు దానంతట అది కుదుటబడెను, మరల చెడెను, కొన్నియేండ్లకు ఫ్లారెన్సు నగరమున కాళ్లలో సత్తువ తప్పెను. ఈ బాధలన్నింటిని ఆతడు దినచర్యలో ఓపికగా వ్రాసికొనెను గనుకనే, అది మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తరువాతి వైద్యులు గుర్తింపగలిగిరి. ఫ్లారెన్సులో ఆతనికి దొరికిన వైద్యుడు విధించిన పథ్యము వినదగినది: దినమునకు రెండుమారులు గొడ్డుమాంసము, పైన లండను పోర్టరు, షెర్రీ, మదీరా మద్యములు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే యను మన సామెత ఇంతకన్న చక్కగా అన్వయించుట అరుదు.

డెస్టే 1848లో మరణించెను. 1868లో పారిస్ నగరపు సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో పండితుడు ఈ వ్యాధిని వేరుపరచి వర్ణించెనే గాని, సిల్వర్ నైట్రేటు, స్ట్రిక్నిన్ మొదలగు వానిని ప్రయోగించి ఫలము కానక నిరాశ చెందెను. దేహమును రక్షింపవలసిన శక్తియే నరముల పైతొడుగును శత్రువుగా నెంచి కొరుకుననియు, అందుచే చూపు, నడక, పట్టు ఒకదాని వెనుక నొకటి సడలుననియు తెలియుటకు ఇంకను చాలకాలము పట్టెను.

డెస్టే దినచర్య 1948లో కేంబ్రిడ్జిలో పుస్తకరూపమున అచ్చయ్యెను. ఆ సంవత్సరముననే కెనడాలోని మాంట్రియల్ నాడీవైద్య సంస్థలో, ఆ సంస్థ స్థాపకుడైన పెన్‌ఫీల్డ్ పిలుపుపై వచ్చిన రాయ్ స్వాంక్ అను అమెరికా వైద్యుడు, అదే వ్యాధి కలవారికి ఫ్లారెన్సు వైద్యుని పథ్యమునకు పూర్తిగా విరుద్ధమైన పథ్యమును ప్రారంభించెను. యుద్ధకాలమున వెన్న, మాంసము కరవైన పశ్చిమ యూరపు దేశములలో ఈ రోగుల సంఖ్య తగ్గినట్లు ఆతనికి తోచియుండెను. పిదప నార్వే వైద్యులతో కలిసి ఆ దేశపు పల్లెలను పరిశీలింపగా, లోతట్టు కొండసీమలో పాడి పశువులపై బ్రతుకు రైతులలో వ్యాధి హెచ్చుగాను, సముద్రతీరమున చేపలు పట్టి జీవించు వారిలో తక్కువగాను కానవచ్చెను. 1952లో వెలువడిన ఈ పరిశీలనయే ఆతని మతమునకు పునాది.

మతమనుట ఊరక కాదు. సంతృప్త కొవ్వు దినమునకు 20 గ్రాములు మించరాదు. వెన్న, మీగడ, జున్ను నిషిద్ధములు. మొదటి సంవత్సరము ఎఱ్ఱమాంసము ముట్టరాదు. ద్రవరూపమైన నూనెలను చెంచాలతో కొలిచి వాడవలెను. కాడ్ చేప కాలేయపు నూనె ప్రతిదినము ఒక చెంచా త్రాగవలెను. ఈ హద్దు మన విస్తరిలో ఎంతటిదో చూడగోరువారికి లెక్క సులభమే: పెద్ద చెంచా నేతిలో సంతృప్త కొవ్వు సుమారు 8 గ్రాములుండును గనుక, ముద్దపప్పుపై మూడుమారులు నెయ్యి వడ్డించుకొన్నచో ఆ దినపు భాగ్యము ఆ పంక్తిలోనే తీరిపోవును. పథ్యము చెప్పుటకన్న పాటించుట కష్టమని మనవారికి చెప్పనక్కరలేదు.

స్వాంక్ పిదప ఒరెగాన్ రాష్ట్రమునకు తరలిపోయినను ఆ రోగులను విడువలేదు. 144 మందిని 34 సంవత్సరములు కనిపెట్టియుండి, 1990లో లాన్సెట్ పత్రికలో ఫలితములను ప్రకటించెను. హద్దు పాటించినవారిలో, అందును వ్యాధి ముదరకముందే ఆరంభించినవారిలో, ఇతర కారణములచే చనిపోయినవారిని మినహాయింపగా, నూటికి 95 మంది బ్రతికి, నడచి తిరుగుచుండిరి. మీరినవారిలో అత్యధికులు మంచము పట్టిరి, మరణించిరి. ఒక వైద్యుడు ఇంతకాలము ఇంత ఓర్పుతో నిలుచుట చూచినచో ఎవరికైనను గౌరవము కలుగకమానదు. కాని గౌరవము వేరు, ఋజువు వేరు. పథ్యము లేని మరియొక వర్గమును ఆతడు ప్రక్కన నిలుపలేదు. మూడు దశాబ్దములు నాలుక కట్టుకొనగలిగినవారు మొదటినుండియు తేలికపాటి వ్యాధి కలవారేమో యను సందేహమునకు ఆ పత్రములో సమాధానము లేదు. పైగా ఈ వ్యాధి డెస్టే చూపువలె తనంతట తాను తగ్గును, తిరుగబెట్టును. తగ్గినపుడు తిన్న తిండికెల్ల యశస్సు దక్కును.

ఇదే కాలమున, రక్షణశక్తి తన దేహమునే కొరుకు మరియొక ఆటో ఇమ్యూన్ వ్యాధి విషయమున సంగతి వేరొక విధముగా తేలెను. తిన్నది ఒంటబట్టక పిల్లలు కృశించు సీలియాక్ వ్యాధికి ఆహారమే మందు కావలెనని లండనులో శామ్యూల్ గీ అను వైద్యుడు 1888లోనే చెప్పెను. దినమునకొక క్వార్టు డచ్చి ఆలిచిప్పలు తిని ఒక బిడ్డ కోలుకొనెననియు, ఋతువు మారి అవి దొరకనపుడు మరల చిక్కిపోయెననియు, మరుసటి యేట ఎంత బ్రతిమాలినను వానిని ముట్టలేదనియు ఆతడు చెప్పెను. హేగ్ నగరపు పిల్లల ఆసుపత్రిలో డికె అను వైద్యుడు 1930ల నుండియే గోధుమను మాన్పించి చూచుచుండగా, గోధుమ దొరకని 1944–45 శీతకాలపు కరవు ఆతని అనుమానమును బలపరచెను. ఆతడు 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసమున, గోధుమ మానిన బిడ్డ తేరుకొనుటయు, పెట్టినచో మరల జబ్బుపడుటయు చూపెను. అచట ఒకే బిడ్డ వాదికిని ప్రతివాదికిని సాక్షి. స్వాంక్ రోగులకు అట్టి పరీక్ష పెట్టుట ఎట్లు? పోయిన నరమును తెచ్చి, వెన్న పెట్టి చూడరాదు గదా.

మరల మల్టిపుల్ స్క్లెరోసిస్ మాటకు వచ్చినచో, నార్వే తీరవాసులను కాపాడినది వెన్న లేమి కాక చేపలలోని డి విటమిన్ కావచ్చునని తరువాతివారు ఊహించిరి. 2022లో అమెరికా సైనికుల రక్తనమూనాలను ఏండ్లతరబడి పరిశీలించినవారు ఎప్‌స్టైన్-బార్ వైరసు సోకుటయే ఈ వ్యాధికి ప్రధాన హేతువని బలమైన నిదర్శనము చూపిరి. 1990ల నుండి ఇంటర్‌ఫెరాన్ మొదలుకొని వచ్చిన మందులు వ్యాధి విజృంభణమును నేరుగా తగ్గించుచున్నవి. వానిని మాని పథ్యమునే నమ్ముకొనుట సాహసము. అయినను వంటయిల్లు రోగి చేతిలోనిది. మందు వైద్యుని చేతిలోనిది. కావుననే ప్రశ్న నేటికిని సమసిపోలేదు. తానును ఈ వ్యాధిగ్రస్తురాలైన టెర్రీ వాల్స్ అను వైద్యురాలు మాంసము, ఆకుకూరలు పుష్కలముగా తినుమని, ధాన్యములు, పాలు మానుమని చెప్పినది. స్వాంక్ ధాన్యమును మెచ్చెను, మాంసమునకు హద్దు పెట్టెను. ఐయోవాలో ఈ రెండు పథ్యములను రెండు వర్గములకు పంచి పెట్టి చూడగా, 2021లో ప్రకటితమైన ఫలితము ప్రకారము, రెండింటిలోను అలసట తగ్గెను.