మిల్లు దారి, బీడీల దారి

షోలాపూర్‌లో స్థిరపడిన మన పద్మశాలీల చరిత్ర చెప్పేటప్పుడు మిల్లు భోంగాతో మొదలుపెట్టడం పరిపాటి. 1877లో వెలసిన జూనీ మిల్లు 1960లలో మూతబడింది. అందులో పనిచేసే మగవారి రోజువారీ నడక మిల్లు గేటు దగ్గరే ఆగిపోయింది.

బీడీలు చుట్టే ఆడవారి నడక మాత్రం ఆగలేదు. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు తేవాలి, ఇంట్లో చుట్టాలి, కట్టలు తిరిగి అప్పగించాలి. దారిలోనే రేషను దుకాణం, నీళ్ల కుళాయి, పిల్లల బడి. కూలి వెయ్యి బీడీల లెక్కన. నడకకు కూలి లేదు. మగ్గం ఆగిన ఇళ్లను నిలబెట్టింది ఆ నడకే.

మిల్లు హాజరు పుస్తకాల్లో ఈ దూరం దొరకదు. మీ ఇంటి పెద్దమ్మలు, అమ్మమ్మలు రోజుకు ఎంత నడిచేవారో అడగండి, రాసిపెట్టండి. అదీ మన చరిత్రే.