మన సంతలో మరుగునపడుతున్న కాయలు, పండ్లు

ఉగాది పచ్చడికి మన పెద్దలు ఆరు రుచులు ఏర్పరచినారు. వేపపువ్వు, మామిడికాయ, బెల్లము, చింతపండు, ఉప్పు – ఇవన్నీ మన దేశంలో బహు పురాతనకాలం నుండి వాడుకలో ఉన్నవి. కారానికి వేసే మిరపకాయ మాత్రం వీటి నడుమ క్రొత్త చుట్టము. అమెరికా ఖండంలో పుట్టిన ఆ మొక్క 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల మూలంగా మన దేశానికి వచ్చినది. అంతకు పూర్వము మన వంటలకు కారమంటే మిరియాలే. ఆ మిరియపు పేరునుండే మనము మిరప అన్నాము. తమిళ సోదరులు మిళగు నుండి మిళగాయ్ అన్నారు. క్రొత్తగా వచ్చినదానికి పాతదాని పేరు పెట్టి ఇంటిలో కలుపుకొన్నాము.

ఇటువంటి చరిత్ర మన తిరుత్తణి, తిరువళ్ళూరు సంతలలో గంపగంపకూ దొరుకుతుంది. దానికి పెద్ద గ్రంథాలు చదువనక్కర లేదు. అమ్మేవారు చెప్పే పేర్లను కాస్త చెవి యొగ్గి వింటే చాలును. తిరుత్తణి 1960 మార్చి వరకు చిత్తూరు జిల్లాలోనిది. ఆ ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దుల సవరణతో మద్రాసు రాష్ట్రంలో చేరినది. అందువలన ఇక్కడ ఒకే కాయకు రెండు భాషల పేర్లూ వినవస్తవి. మన వెలగ వారికి విళాం. మన మునగ వారికి మురుంగై. ఇవి ఒక తల్లి బిడ్డలైన పేర్లు. రెండు భాషలూ విడివడక పూర్వమే ఈ చెట్లు మనవారి పెరళ్ళలో, అడవులలో ఉండేవని దీనినిబట్టి తెలుస్తుంది.

వలస వచ్చిన వాటి పేర్లు వేరు తీరు. తమిళులు ఎర్రగుమ్మడిని పరంగిక్కాయ్ అంటారు. పరంగి అనగా ఫిరంగి, అనగా పడమటి దేశపు దొర. పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకొన్నారు. అదే శతాబ్దంలో మన ప్రక్కనే ఉన్న పళవేర్కాడులో కూడా నివాసాలు ఏర్పరచుకొన్నారు. 1613లో అదే ఊరిలో డచ్చివారు కోట కట్టినారు. ఆ పళవేర్కాడు నేడు మన తిరువళ్ళూరు జిల్లాలోనే ఉన్నది. జామ, బొప్పాయి, సీతమ్మవారి పేరు పెట్టుకొన్న సీతాఫలము సైతం అమెరికా చెట్లే.

ఈ చరిత్రకు మన ఇండ్లలోనే ఇంకొక సాక్ష్యమున్నది. అనేక కుటుంబాలలో తద్దినపు వంటకు మిరపకాయ, ఉర్లగడ్డ, టమాటా, క్యాబేజీ వాడరు. మిరియాలతో అరటికాయ, కంద, చేమ, కాకర వండుతారు. క్రొత్త కూరలు రాక ముందు మన ముత్తాతలు ఏమి భుజించేవారో ఆ విస్తరి నేటికీ చూపుతున్నది.

అయితే పాతవాటిని తద్దినానికే విడిచిపెట్టవలెనా? ఈ సంవత్సరం మన సోదరీమణులు ఈ క్రింది నాలుగింటినైనా రుచి చూడవలెనని మనవి.

వెలగపండు: వినాయక చవితి నాడు కొని, పూజ కాగానే చాలామంది మరచిపోతారు. జానెడు ఎత్తునుండి నేలపై విడిస్తే, పచ్చికాయ ఎగురుతుంది, పండినది ఎగరక నిలుస్తుంది. గుజ్జులో బెల్లము కలిపితే పిల్లలు ఇష్టంగా తింటారు. దోరకాయ పచ్చడికి మంచిది.

వాక్కాయ: తమిళంలో కళాక్కాయ్. కోసినప్పుడు పాలు కారుతవి గనుక ఉప్పునీళ్ళలో కడుగవలెను. గింజలు తీసి, చింతపండుకు బదులు కందిపప్పులో వేస్తే ఆ పులుపే వేరు.

ఆగాకర: కాకరకు చుట్టమే గాని అంత చేదు లేదు. వానకాలంలో వస్తుంది. దీని తీగెలలో ఆడ, మగ వేరువేరు. రెండూ దగ్గరలో లేకుంటే కాయ కాయదు. గడ్డనుండి మొలిచే ఈ తీగెను తోటలో పెంచడం శ్రమ గనుకనే ధర ఎక్కువ.

సీమచింత: తమిళంలో కొడుక్కాపుళి. పేరులోని సీమ అన్నమాటే ఇది పరదేశపుదని చెప్పుచున్నది. మెక్సికో ప్రాంతంలో పుట్టి, స్పెయిన్‌వారి ఓడలలో ఫిలిప్పీన్సు చేరి, అటుపిమ్మట ఇటు వచ్చినది. వలస వచ్చి ఈ నేలకు అలవాటుపడినది గనుక మనవంటి వారికి మరీ చుట్టము!

ఇవి ఎందుకు మరుగున పడుతున్నవి? రైల్వే గుమాస్తాను గనుక నాకు తోచిన ఒక కారణం చెప్పెదను. 1856 జూలై 1వ తేదీన దక్షిణదేశపు మొదటి రైలు రాయపురం నుండి తిరువళ్ళూరు మీదుగా వాలాజా రోడ్డు వరకు నడిచినది. రైలు వచ్చిన పిమ్మట, దూరప్రయాణానికి తట్టుకొనే ఉల్లి, ఉర్లగడ్డ వంటి వాటికి ఊరూరా గిరాకీ పెరిగినది. ఒకటి రెండు రోజులలో మెత్తబడే వాక్కాయ, ఆగాకర ఊరి సంత దాటలేదు. ఆపైన చేనిగట్ల ముళ్ళకంచెలు తీసి ఇనుపతీగె కంచెలు వేసినారు. కంచెతోపాటు వాక్కాయ పొదయూ పోయినది. రుచి తగ్గి పోయినది కాదు, మోయడానికి వీలులేక పోయినది.

కొనేవారు లేని కాయను గంపలోకి ఎవరెత్తుతారు? గంపలోకి రాని కాయకు చెట్టును ఎవరుంచుతారు? చెట్టు పోయిన తరువాత పేరు మిగలదు. మన పిల్లలు బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుకొంటున్నారు, చదువవలసినదే. కాని ఆపిలు బొమ్మను గుర్తుపట్టే బిడ్డ వాక్కాయను ఏ భాషలోనూ గుర్తుపట్టలేకపోవడం విచారకరము. వాక్కాయ, కళాక్కాయ్ అని రెండు పేర్లూ నేర్పితే ఆ బిడ్డకు రెండు భాషలూ దక్కుతవి.

కనుక, గంపలో తెలియని కాయ కనిపించినప్పుడు ప్రక్కకు తప్పుకొనక, దాని పేరు అడిగి, పావుకిలో అయినా కొని, పిల్లలచేత ఆ పేరు పలికించవలసినదిగా ప్రార్థించుచు, అందరికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాను.