ఖయామత్‌కు ముందు ఒక దావత్

1979లో నాకు తొమ్మిదేళ్లు. అమెరికా వాళ్ల స్కైలాబ్ ఆకాశం నుంచి ఊడిపడుతోందని, అది సరిగ్గా మా ఊరి మీదే పడుతుందని అఫ్వా. రేడియో ఒకటి చెబితే చాయ్ హోటల్లో దానికి నాలుగు కలిసేవి. మా దాదీమా రెండు రోజులు తస్బీ తిప్పి, మూడో రోజు ఫర్మానా జారీ చేసింది: "పుంజును కోయండి. ఖయామత్‌ను ఖాళీ కడుపుతో ఎందుకు చూడాలి?" కూర వండి నాలుగిళ్లకూ గిన్నెలు పంపింది. ఊళ్లో అప్పు చేసి మరీ దావత్‌లు చేసుకున్నవాళ్లున్నారు. తీర్చే రోజు రాదుగా!

జూలై 11న స్కైలాబ్ ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ చుట్టుపక్కలా పడ్డాయి. చెత్త పారేశారని అక్కడి స్థానిక పాలకులు నాసాకు 400 డాలర్ల జుర్మానా వేశారు. మా ఊరికి మాత్రం అప్పులవాళ్లొచ్చారు.

ఈ తమాషా పాతదే. ఫారసీ షాయర్ అన్వరీ నుజూమ్‌లో, అంటే జ్యోతిషంలో కూడా ఉస్తాద్. 1186లో గ్రహాలన్నీ తులారాశిలో చేరి ఘోరమైన తుఫాను తెస్తాయని ఆయన చెప్పాడట. జనం నేలమాళిగలు తవ్వుకుని దాక్కున్నారట. తీరా ఆ రోజు మినారు మీద పెట్టిన దీపమైనా ఆరలేదనీ, ఆ ఏడు గింజలు తూర్పారబట్టడానికి కూడా గాలి చాల్లేదనీ తజ్కిరాల్లో కథ. పాపం, అన్వరీ సాబ్ ముఖం చెల్లక ఊరు విడిచాడు.

1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి అన్నారు, దేశమంతటా యజ్ఞాలు జరిగాయి. 1999 చివర్లో వైటూకే అన్నారు, అమెరికాలో కొందరు నీళ్లూ డబ్బా తిండీ ఇంట్లో పేర్చుకున్నారు. 2012 డిసెంబర్ 21న మాయా క్యాలెండర్ అన్నారు. మర్నాడు పాలవాడు మామూలుగానే వచ్చాడు.

ఇవన్నీ తలుచుకుని నవ్వుకుంటాను గానీ, ఒక్క చోట నవ్వు ఆగిపోతుంది. స్కైలాబ్ రోజుల్లో పక్కింటి మామ "ఎట్లాగూ పోయేదే" అని పాడిగేదెను వచ్చిన కాడికి అమ్మేశాడు. కొన్నాయనకు దునియా ఎక్కడికీ పోదని యకీన్. చాయ్ హోటల్లో అందరికంటే గట్టిగా స్కైలాబ్ కబుర్లు చెప్పింది కూడా ఆయనే. ఆ మామ పిల్లలు మళ్లీ ఇంటి పాలు తాగడానికి చాలా కాలం పట్టింది.

నేనేమీ తక్కువ తినలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే రెండు బస్తాల బియ్యం, పది కిలోల పప్పు జఖీరా చేశాను. నా వెనక క్యూలో ఒక ఆటో అన్న కిలో పప్పు కోసం నిలబడ్డాడు. అతని వంతు వచ్చేసరికి పప్పు అయిపోయింది. నేను తల తిప్పుకుని స్కూటర్ స్టార్ట్ చేశాను.

జూలైకల్లా ఆ బియ్యానికి పురుగు పట్టింది. డాబా మీద ఆరబోస్తుంటే మా బేగం అంది: "మీకంటే మీ దాదీమాయే నయం. ఉన్న ఒక్క పుంజునూ నాలుగిళ్లకు పంచింది."