షెల్‌లలో ఆజ్ఞాపూరణము - చెల్లుబడి సమస్య

కంప్యూటరునకు మనము టైపు చేసి ఇచ్చు ఆజ్ఞలను చదివి, వాటిని నడిపించు ప్రోగ్రామునకు షెల్ అని పేరు. సర్వరులను చూచువారు, ప్రోగ్రాములు వ్రాయువారు నేటికిని దీనిని విరివిగా వాడుచున్నారు. ఆజ్ఞలో రెండు మూడు అక్షరములు వ్రాసి టాబ్ మీటను నొక్కినచో మిగిలిన భాగమును షెల్ తానే పూరించును. దీనిని ఆజ్ఞాపూరణము అందము. ఒక షెల్‌లో చక్కగా పనిచేయు పూరణ ప్రోగ్రాము వేరొక షెల్‌లో చెడిపోవుచుండును. ఇందుకు కారణము వాటి చరిత్రలో ఉన్నది.

1970 ప్రాంతమున అమెరికాలోని బి.బి.ఎన్. సంస్థ పి.డి.పి.-10 కంప్యూటరునకై టెనెక్స్ అను నిర్వహణ వ్యవస్థను రూపొందించెను. అందులో ఎస్కేప్ మీటను నొక్కగనే సగము వ్రాసిన పదము పూర్తియగుచుండెను. యూనిక్స్‌లో మొదట ఈ వసతి లేదు. 1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతో స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్ వెలువడెను. ఇంచుమించు అదే కాలమున బర్కిలీలో బిల్ జాయ్ సి షెల్‌ను తయారుచేసెను. దానికి కెన్ గ్రీర్ టెనెక్స్ తరహా పూరణమును చేర్చి 1983లో బహిరంగపరచెను. టి.సి. షెల్ పేరులోని 'టి' అను అక్షరము టెనెక్స్ నుండి వచ్చినదే. పిమ్మట బ్రయన్ ఫాక్స్ వ్రాసిన బాష్ 1989లోను, పాల్ ఫాల్‌స్టాడ్ వ్రాసిన జడ్ షెల్ 1990లోను వచ్చినవి.

1992లో పోసిక్స్ ప్రమాణము షెల్ భాషకు ఒక ఉమ్మడి వ్యాకరణమును ఏర్పరచెను. కాని పూరణ ప్రోగ్రాములు వ్రాయు పద్ధతిని అది నిర్ణయింపలేదు. అందుచేత ఏ షెల్‌కు ఆ షెల్ తన దారి తాను చూచుకొనెను. బాష్‌లో ఈ ఏర్పాటు 2000లో, 2.04 కూర్పుతో వచ్చెను. పూర్వము కుంచమను పేరు ఒకటే అయినను సీమకొక కొలత ఉండెడిది. 1956 నాటి చట్టముతో మెట్రిక్ ప్రమాణములు వచ్చి ఆ చిక్కు క్రమముగా తీరెను. పూరణమునకు అట్టి చట్టమేదియు రాలేదు.

ఇందువలన కలుగు లోపములలో ముఖ్యమైనవి చూతము. మొదటిది లెక్కింపు. పదముల వరుసలో మొదటి పదమునకు బాష్ 0 అని, జడ్ షెల్ 1 అని సంఖ్య ఇచ్చును. ఒకదానికై వ్రాసినది రెండవదానిలో పక్క పదమును చూపును. దీనిని సరిదిద్దుటకు జడ్ షెల్‌లో బాష్‌కంప్‌ఇనిట్ అను అనుకూలత ఏర్పాటు కలదు.

రెండవది కోలను గుర్తు. బాష్ దానిని సాధారణముగా పదవిభజన చిహ్నముగా ఎంచును. 'భారతము:ఆ' అని వ్రాసి టాబ్ నొక్కితిమనుకొనుడు. షెల్ దృష్టిలో పూరింపవలసిన పదము 'ఆ' మాత్రమే. ప్రోగ్రాము 'భారతము:ఆది' అని పూర్తి పేరును అందించినచో తెరపై 'భారతము:భారతము:ఆది' అని పడును. అందుచేత కోలను వరకు గల భాగమును తొలగించి, తక్కినదానినే అందింపవలెను.

మూడవది పాత కూర్పులు. 2009లో వచ్చిన బాష్ 4.0 పంక్తులనన్నిటిని ఒకేమారు వరుసలోనికి చదువు మ్యాప్‌ఫైల్ అను ఆజ్ఞను చేర్చెను. లైసెన్సు నిబంధనలు మారుటచే ఆపిల్ సంస్థ 3.2 కూర్పుతోనే ఆగి, 2019లో జడ్ షెల్‌ను ప్రధానముగా చేసెను. కావున మ్యాప్‌ఫైల్‌కు బదులు ఒక్కొక్క పంక్తిని చదువు ఆవృత్తిని వ్రాసినచో పాత యంత్రము గలవారికిని ఆ సౌకర్యము దక్కును.

నాల్గవది అన్నిటికంటె ప్రమాదకరము. పూరణ ప్రోగ్రాము వాడుకరి షెల్ లోపలనే నడచును. అది పదవిభజన నియమమును మార్చి మరల యథాస్థితికి తేనిచో, ఆ తరువాత వాడుకరి ఇచ్చు ఆజ్ఞలు తప్పుదారి పట్టవచ్చును. తప్పు ఒకచోట, ఫలితము మరొకచోట కనబడుటచే కారణము దొరకుట కష్టము. కనుక చలరాశులను స్థానికముగా ప్రకటించుట తప్పనిసరి.

విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. మూడు ఊళ్ల పేర్లతో ఒక వరుసను బాష్‌లోను, జడ్ షెల్‌లోను నిర్మించి, 1వ సంఖ్య గల పేరును అడుగుడు. మొదటిది రెండవ ఊరిని, రెండవది మొదటి ఊరిని చూపును. రెండును తమ నియమము ననుసరించి సరియైన జవాబే ఇచ్చినవి. పలుచోట్ల చెల్లవలసిన ప్రోగ్రామును వ్రాయువారు ఈ నియమభేదమును ముందే తెలిసికొని, ప్రతి షెల్‌లోను నడిపి చూచిన పిదపనే ఇతరులకు ఇయ్యవలెను.