ఆయుర్వేద ప్రకటనలు: రూల్ 170 ఎందుకొచ్చింది, ఎలా పోయింది?

అల్లోపతీ మేలా, ఆయుర్వేదం మేలా అన్న వాదన ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. చట్టం ఆ తగాదా జోలికి పోదు. మందు అమ్మేవాళ్లు జనానికి ఏం చెప్పవచ్చన్నదే దానికి పట్టింపు.

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం మధుమేహం, క్యాన్సర్ సహా 54 జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదు. ఏ వైద్య విధానానికైనా ఇదే నియమం. మొదటిసారి దోషిగా తేలితే ఆరు నెలల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. అయితే ఇది ప్రకటన వెలువడ్డాక పనిచేసే చట్టం. ముందే అడ్డుకునేందుకు కేంద్రం 2018లో డ్రగ్స్ రూల్స్‌లో 170వ నిబంధన చేర్చింది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల తయారీదారులు ప్రకటన ఇచ్చే ముందే రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి అనుమతి పొందాలి.

దీని అవసరం లైసెన్సు విధానంలోనే ఉంది. ప్రాచీన గ్రంథంలోని యోగాన్ని అందులో చెప్పిన జబ్బుకే తయారుచేస్తే గ్రంథమే ఆధారం. కొత్తగా క్లినికల్ పరీక్షలు అక్కర్లేదు. ఆ వెసులుబాటుతో లైసెన్సు పొందిన మందును టీవీలో ‘శాశ్వత పరిష్కారం’ అంటే ఆపేదెవరు?

అమలు మాత్రం మొదటి నుంచీ నీరసమే. పైగా ఈ నిబంధన కింద చర్యలు వద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2023 ఆగస్టులో రాష్ట్రాలకు లేఖ రాసింది. అప్పటికే పతంజలి ప్రకటనలపై ఇండియన్ మెడికల్ అసోసియేషన్ 2022లో వేసిన పిటిషన్ సుప్రీంకోర్టులో ఉంది. ఆ కేసులో పతంజలి హామీ ఇచ్చి తప్పడం, 2024 ఫిబ్రవరిలో ధిక్కార నోటీసు, పత్రికల్లో క్షమాపణలు అందరికీ తెలిసినవే. ఆ హడావుడిలో అసలు నిబంధన సంగతి మరుగున పడింది. 2024 జులై 1న కేంద్రం దాన్ని తొలగించింది. ఆగస్టు 27న సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్‌పై స్టే ఇచ్చింది. 2025 ఆగస్టు 11న కేసు ముగిసింది. కేంద్రం తీసేసిన నిబంధనను కోర్టు తిరిగి తేలేదని ధర్మాసనం తేల్చడంతో స్టే కూడా పోయింది.

ఇక మిగిలింది 1954 చట్టం. దాని కింద ఫిర్యాదుల యంత్రాంగం పెట్టాలని 2025 మార్చిలో కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఫిర్యాదు అందాలి, అధికారి కదలాలి, కేసు నడవాలి. ప్రకటన నమ్మి ఇన్సులిన్ మానేసిన టైప్ 1 మధుమేహ రోగికి అంత వ్యవధి ఉండదు. కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.