ఎరుపు తగ్గిన రోజు

ఆ పిల్లికూన దక్కలేదు. ముందే చెప్పేస్తున్నాను. బతికిందేమోనని చివరిదాకా ఆశపడి చదివినవాళ్ల ఉసురు కూడా నాకెందుకు?

2022 జులై. భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది. 1986 వరద చూసిన ముసలివాళ్లు, ఆ తర్వాత ఇంత ఏరు మళ్లీ ఇదేనన్నారు. ధవళేశ్వరం వదిలిన నీరు లంకల మీద పడింది. అయినవిల్లిలంక వైపునుంచి జనం పడవల్లో గట్టుకు చేరారు. వాళ్లకోసం అయినవిల్లిలో తెరిచిన బడిలో రాత్రి కాపలా నాది. బియ్యం మూటలు, కోళ్ల గంపలు, తడిసిన పరుపులు. వాటి మధ్య ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె, పరికిణీ కుచ్చిళ్లలో ఏదో దాచుకుని నిలబడింది.

"మేస్టారండీ, దీనికి కళ్లు తెరుచుకోటం లేదండి."

తల్లిపిల్లి చూరెక్కి కూర్చుందట. ఎంత పిలిచినా దిగలేదట.

అరచేతిలో ఇమిడిపోయింది. నెలరోజులది కాబోలు. రెండు రెప్పలూ పచ్చటి పుసితో అతుక్కుపోయి, అంచుల్లో పాకంలా గడ్డకట్టి ఉన్నాయి. తుమ్మినప్పుడల్లా ఆ తుమ్ము విసురుకు తనే ముందుకు తూలిపడేది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లలో దూది ముంచి, రెప్పల మీద ఉంచి, పుసి నానేదాకా ఓపిక పట్టాలి. లాగితే తోలు ఊడొస్తుంది. అంతవరకే తెలుసు నాకు. చాలాసేపటికి కుడికన్ను విచ్చుకుంది. చింతనిప్పులా ఉంది. ఆ నిప్పులోంచే దీపం వైపు చూసింది. పిల్ల చప్పట్లు కొట్టబోయి, పడుకున్నవాళ్లు లేస్తారని అరచేతులు రెండూ గాల్లోనే ఆపుకుంది.

తెల్లారి మందుల షాపుకెళ్లి, కళ్లు ఎర్రబడ్డాయి, చుక్కలివ్వమన్నాను. ఎవరికని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఊళ్లకు ఊళ్లు మునిగి జనం గోలపెడుతుంటే పిల్లికూనకు మందని నోరు తెరవడానికి సిగ్గేసింది. ఆ సిగ్గే లేకపోయుంటే! సీసా మీద చిన్న అక్షరాల్లో డెక్సామెథాసోన్ అని ఉంది. చదివాను కూడా. చదివి, మూత తీశాను.

కూనల కళ్లకు ఈ తెగులు తెచ్చేవాటిలో ముఖ్యమైనది పిల్లుల హెర్పిస్ వైరస్. మనుషులకు అంటదు. తల్లి ఒంట్లో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఈనినప్పుడో, బెదిరినప్పుడో లేచి పిల్లలకు అంటుకుంటుంది. నల్లగుడ్డు మీద పుండు పెడుతుంది. పుండున్న కంట్లో స్టెరాయిడ్ చుక్క పడితే పైకి ఎరుపు విరుగుతుంది, లోపల పుండు మాత్రం లోతుకు తవ్వుకుంటూ పోతుంది. దీని తీవ్రత తగ్గించే టీకా ఉంది, వేళకు పడితే పనిచేసే మందులున్నాయి. చూరు మీది పిల్లికి టీకా ఎవరేయిస్తారు గనక! ఇవన్నీ నేను తర్వాత నేర్చుకున్నవి. ఎందుకు నేర్చుకున్నానో.

మర్నాటికి ఎరుపు తగ్గింది. ఆ బడిలో అందరి మొహాలూ తేటపడిన పూట అదొక్కటే. పిల్ల దగ్గర ఒక పెన్నుంది. సిద్ధివినాయకుడి గుళ్లో పూజ చేసి పిల్లలకు పంచేవాటిలో ఒకటి. పుస్తకాలు ఏట్లో పోయినా అది జారనివ్వలేదు. దాని మూత నేలమీద దొర్లించింది. కూన చెవులు రిక్కించి, సరిగ్గా మూత ఆగినచోట పంజా వేసింది. అందరం నవ్వాం. మూత చప్పుడు కాకుండా ముందుకు జరిపినప్పుడు అది కదల్లేదని, అలాగే ఎటో చూస్తూ కూర్చుందని, ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు కూడా చూశాను. పట్టించుకోలేదు.

పట్టించుకున్నది పిల్ల తల్లి. గేదెలను సాకిన చేతులు ఆవిడవి. కూనను వెలుతురుకు తిప్పి, "గుడ్డు నీలంగా కనబడతందండి. పువ్వేస్తందేమో. పశువుల డాక్టరుగారికి చూపిద్దారండి" అంది.

"ఎరుపు తగ్గిందిగా. రేపు చూద్దాం" అన్నాను.

"ఆయ్, మీ ఇష్టమండి."

అమలాపురం పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. ఆ మధ్యాహ్నం బియ్యం దించిన ఆటో ఒకటి అటే ఖాళీగా వెళ్లింది. డ్రైవరు హారన్ కొట్టి, వస్తారా మేస్టారూ అని అడిగాడు కూడా. చెయ్యి ఊపి పంపించేశాను.

రాత్రి ప్యాకెట్ పాలు తాగించాం. అవీ పడలేదు, విరేచనాలు పట్టుకున్నాయి. వాన ఆగలేదు. పొట్ట చల్లబడుతుంటే సీసాలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి పక్కన పెట్టాను. నా బొటనవేలిని వాసన చూసి, దానికే తల ఆనించుకుంది. మందు వేసిన వేలే అది. తెల్లవారుజామున తుమ్ములు ఆగాయి. నెమ్మదించిందనుకున్నాను, కాసేపు.

ఏరు తీసింది. ఇళ్లలో మేట వేసిన ఒండ్రు ఎత్తిపోసుకోడానికి లంకవాళ్లు బయల్దేరారు. పడవెక్కబోతూ పిల్ల వెనక్కి వచ్చింది.

"మేస్టారండీ, ఎరుపు తగ్గింది కదండీ. మరెందుకు చచ్చిపోయిందండీ?"

చలికమ్మా, అన్నాను.